నిన్నటి మాటలు

ఆ కాలానికి గీలాంగ్ నగరంలో ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ ఆటగాడి ఉద్యోగం ప్రతి ఉదయం భోజనాల బల్ల దగ్గరే తేలేది. బల్లమీది పెట్టె రోజూ కొత్తగా చూపే అయిదు మాటలను ఇంటివారు చదవాలి. ఆటలో తగిలిన దెబ్బలకు జ్ఞాపకం చెదిరిందేమో తెలియడానికి, టీ తాగాక ఆటగాడు వాటిని అప్పజెప్పాలి. తప్పితే ఇంటివారే పెట్టెమీది ఎర్ర మీట నొక్కాలి. నొక్కితే ఇక జన్మలో మైదానం లేదు.

నిన్న బంతికోసం గాలిలోకి ఎగిరినప్పుడు త్రినాథ్ తలకు ఎవరిదో మోకాలు తగిలింది.

"అక్కా, నీ కాళ్లు పట్టుకుంటా. నిన్నటి మాటలే ఇవ్వవే. అవి నాకు కంఠతా వచ్చు."

"కాళ్లు తర్వాత పట్టుకుందువుగాని, టీ చల్లారుతోంది, తాగరా," అంది సుహాసిని. పదేళ్లుగా ఆ కోలబంతి వెంట పరుగే తప్ప తమ్ముడికి వేరే బతుకు తెలియదు. పెట్టెవైపు చూడకుండా నిన్నటివే చెప్పింది: "గొడుగు, చేప, నిచ్చెన, ఉప్పు, కిటికీ."

టీ అయింది.

"గొడుగు... చేప..." త్రినాథ్ నుదుట చెమట పట్టింది. 'నిచ్చెన' అని ఆమె పెదవులతో అందించినా అందుకోలేకపోయాడు.

ఉన్నట్టుండి అతడి ముఖం వెలిగింది. ముందుకు వంగి గుసగుసలాడాడు.

"అక్కా, ఇవాళ నిన్నటి మాటలే ఇవ్వవే."

"అలాగేరా నాన్నా," అంటూ సుహాసిని ఎర్ర మీట నొక్కింది.