భద్రం దంతం

సీలు వేసిన కవర్‌లో అరచేతంత దంతపు బొమ్మ మోరిస్‌విల్‌లోని ఫోరెన్సిక్ ల్యాబ్‌కి వచ్చింది. ఫెడరల్ కేసు. కృష్ణవేణి సంతకం పెట్టి తీసుకుంది. కవర్ మీద నిందితుడి పేరు జగన్మోహన్. పాత కళావస్తువుల షాపు నడుపుతాడు; నిషేధం ఉన్న కొత్త దంతం అమ్మాడని నేరం మోపారు.

"వేణీ, అది వాళ్ల తాతగారిదట. పాతదని ప్రూవ్ అయితే కేస్ క్లోజ్," అంది పక్క టేబుల్ ప్రణీత.

"టెస్ట్ చేద్దాంగా."

దానికో దారి ఉంది. కాంగో అడవుల్లో ఏనుగు అంత తేలిగ్గా కంటపడదు. అందుకే దామోదర్ అనే పరిశోధకుడు రెండేళ్లపాటు వాటి పేడ ఏరి, ఒక్కో ఏనుగుకీ పేరు పెట్టి, శాంపిళ్లు ఈ ల్యాబ్‌కే పంపాడు. పేడలో ఏనుగు డీఎన్‌ఏ దొరుకుతుంది. 2009లో బతికున్న ఏనుగు డీఎన్‌ఏతో, బొమ్మని గీకి తీసినది కలిసిందంటే, ఆ బొమ్మ తాతల నాటిది కానట్టే.

ఆ ఏడాది చివర్లో కలప లారీల కోసం కొత్త రోడ్డు వేశారు. ఆ రోడ్డు వెంట దంతాల దొంగలు అడవి నడిబొడ్డుకి వచ్చారు. ఉప్పుమట్టి కోసం ఏనుగులు చేరే చోట దామోదర్ అడ్డుపడితే కాల్చేశారు. వాళ్లు ఈనాటికీ దొరకలేదు.

దామోదర్ కృష్ణవేణికి సొంత అన్న. పెళ్లయి ఆమె ఇంటిపేరు మారడంతో ల్యాబ్‌లో ఎవరికీ తెలియదు.

మూడేళ్లుగా ఆమెకి కడుపులో ఒకటే మంట. కాల్చినవాడు ఎవడైతేనేం, కొనేవాడు ఉన్నాడు కాబట్టే కాల్చాడు.

తలుపు వేసుకుని ఒక్కతే పనిచేసింది. వారంలో రిపోర్ట్ ఇచ్చింది. దామోదర్ 'భద్రం' అని పేరు పెట్టుకున్న మగ ఏనుగుతో డీఎన్‌ఏ అచ్చంగా సరిపోయింది.

అది చూసి జగన్మోహన్ లాయర్ డీలాపడ్డాడు. మళ్లీ టెస్ట్ అడిగితే కేసు ఇంకా బిగుస్తుందని, తప్పు ఒప్పుకోమని నచ్చజెప్పాడు. రెండేళ్లు జైలు పడింది.

కోర్టు వరండాలో జగన్మోహన్ ఆమె దగ్గర ఆగాడు. భార్య అతని చెయ్యి వదలడం లేదు.

"నువ్వు తెలుగమ్మాయివే కదమ్మా. అది మా తాత రంగూన్‌లో కొన్నాడు. నా చిన్నప్పుడు మా షోకేస్‌లో ఉండేది. మీ మెషిన్ ఎక్కడో పొరబడింది."

"మెషిన్ పొరబడదు అంకుల్."

అతను తల వంచుకుని వెళ్లిపోయాడు. ఆమె కళ్లార్పకుండా చూసింది. అన్న ఫొటోకి దండ వేసిన రోజు నుంచీ సయించని అన్నం ఆ సాయంత్రం కడుపునిండా తింది.

మెషిన్‌లో ఆమె పెట్టిన రెండు శాంపిళ్లూ అన్న పంపిన పేడలోంచి తీసినవే.