పెళ్లి ముసుగు లేసు

“మణీ, ఇంకోసారి కొట్టు. తేదీ, నెల, సంవత్సరం,” అన్నాడు యేసురాజు, మంచం మీద నుంచే.

ప్రేమమణి విసుగ్గా కంప్యూటర్‌లో తమ పెళ్లి తేదీ కొట్టింది.

అమెరికావాళ్ల ఆల్బమ్ పేజీలకు రిబ్బన్లు, బొత్తాలు, లేసులు ఫోటోషాప్‌లో తయారుచేసే ఉద్యోగం అతనిది. మూడో కీమో తర్వాత ఆఫీసు మానేసి, మల్కాజ్‌గిరి ఇంట్లో భార్యకు ఆ పని నేర్పుతున్నాడు. ఇవాళ ఆమె పెళ్లి ముసుగు లేసును స్కాన్ చేయించి, తమ ఇరవయ్యో పెళ్లిరోజు పేజీకి అంచుగా పెట్టించాడు.

“లేసు కింద కొంచెం నీడ వెయ్యి, నిజంగా కుట్టినట్టుంటుంది. లేయర్లు మాత్రం కలిపెయ్యకు, ఏ పొరకాపొర విడిగా ఉండనీ. తర్వాత మార్చుకోవాలి కదా.”

“పెళ్లిరోజు పేజీలో మార్చేదేముంటుందండీ?”

అతను కళ్లు మూసుకున్నాడు.

లేయర్ల వరసలో ఒకటి దాచి ఉంది. ఏమిటోనని ఆమె నొక్కింది. పెళ్లి ఫోటోను కప్పేస్తూ అతనొక్కడి ఫోటో వచ్చింది. చుట్టూ అదే లేసు. కింద, సమాధి పలకల మీద రాసినట్టు, ‘ప్రభువునందు నిద్రించిన తేది’ అని ఉంది. దాని పక్కన ఖాళీ.

“కొట్టావా మణీ?” అన్నాడు, కళ్లు తెరవకుండానే.

“అంకెలు నాకింకా సరిగ్గా రావట్లేదండీ,” అంది.