నాలుగో కాలు

ఎల్లస్వామి అరచేతిలో ఎల్‌ఓటీ వెల్లకిలా పడి ఉంది, చచ్చిన ఎండ్రకాయలా పది కాళ్ళూ పైకి పెట్టి.

పాత డబ్బా టీవీల్లో కరెంటును వేల వోల్టులకు పెంచే ట్రాన్స్‌ఫార్మర్ అది. ఇప్పుడు ఆ టీవీలూ లేవు, వాటిని బాగుచేయించుకునే మహానుభావులూ లేరు. దమ్మపేటలో ఎల్లస్వామి షాపు మాత్రం ఇంకా ఉంది. ఏం చూసుకుని ఉందో దానికే తెలియాలి.

ఎదురుగా స్టూలు మీద జంపయ్య కూర్చున్నాడు. అడవి అంచున ఉన్న గూడెం నుంచి వచ్చాడు.

అతని మక్కచేను రెండేళ్ళుగా అడవి పందుల పాలే అవుతోంది. చుట్టుపక్కల వాళ్ళు చేను చుట్టూ తీగ లాగి, బోరు మోటారు కరెంటు నేరుగా దానికి కలుపుతారు.

జంపయ్య కలపడు.

పోయిన ఎండాకాలం అతని తమ్ముడు గణేష్ ఇప్పపువ్వు ఏరడానికి పోయి, ఎవరిదో అలాంటి తీగ మీదే పడి చనిపోయాడు.

"పందులు బెదరాలె అన్నా, చావొద్దు. మనిషి తగిల్నా లేచి ఇంటికి పోవాలె," అన్నాడు జంపయ్య.

ఎల్లస్వామికి ఆ మాట నచ్చింది, అలాంటి మిషన్ చేతిలోని ఆ ట్రాన్స్‌ఫార్మర్‌తోనే కట్టొచ్చు. తన చేతి పనితో అవసరం పడ్డ మనిషి ఎన్నాళ్ళకో దొరికాడు మరి.

ఏ కాలు దేనిదో చెప్పే చార్టును చెదలు ఎప్పుడో తినేశాయి. మీటరు వైర్లు కాలుకూ కాలుకూ ఆనించి, ముల్లు కదిలిన జతలన్నీ ఓపిగ్గా విడదీశాడు.

కొన్ని కాళ్ళు బోరు మోటారు కరెంటు లోపలికి వచ్చేవి. వాటిని ముట్టుకుంటే మనిషి మిగలడు. కొన్ని దెబ్బను బయటికి వదిలేవి. వోల్టులు వేలల్లో ఉన్నా, అది క్షణం చురుక్కుమని తగిలి వదిలేస్తుంది. చేను తీగను ఆ రెండో రకానికే అతకాలి.

గుండ్రంగా ఉన్న కాళ్ళ వరసలో ఒకచోట ఖాళీ ఉంటుంది. అక్కడి నుంచి ఎడమకు నాలుగో కాలు, అదీ కావలసింది.

అన్నీ పెట్టెలో బిగించి, తీగ మీద ముందు తనే వేలు పెట్టి చూపించాడు. తర్వాత జంపయ్య పెట్టాడు. చురుక్కుమనగానే చెయ్యి లాక్కుని, చిన్నపిల్లాడిలా నవ్వాడు.

వానలు మొదలయ్యాక పెట్టెలోకి నీళ్ళు దిగి అతుకు ఊడింది. జంపయ్య ఫోన్ చేశాడు. గూడెంలోనే ఒకరి దగ్గర అతుకులు వేసే సోల్డరింగ్ ఐరన్ ఉందట, ఏ కాలుకు అతకాలో చెబితే చాలన్నాడు.

"ఖాళీ కాడ్నుంచి ఎడమకు నాలుగోది," అన్నాడు ఎల్లస్వామి, అన్నం తింటూనే.

కొన్నాళ్ళకు ఇంకో పాత ఎల్‌ఓటీ చేతికొచ్చింది. అలవాటు కొద్దీ దాన్ని తిరగేసి, కాళ్ళు పైకి పెట్టి లెక్కపెట్టబోయాడు.

వేలు అక్కడే ఆగిపోయింది.

తిరగేసి చూడమని జంపయ్యకు చెప్పలేదు.

జన్మంతా చేసిన పని కదా, చెప్పాలని తోచనే లేదు. దాన్ని నిలబెట్టి పైనుంచి చూసేవాడికి ఎడమ కుడవుతుంది, కుడి ఎడమవుతుంది. అటు నుంచి నాలుగోది మోటారు కరెంటు లోపలికి వచ్చే కాలు.

ఫోన్ కలవలేదు. షట్టరైనా దించకుండా బండి తీశాడు.

చేను గట్టు మీద జనం గుమిగూడి ఉన్నారు. దూరం నుంచి చూడగానే ఎల్లస్వామి బండి పడేసి పరుగెత్తాడు.

జనాన్ని తోసుకుని చూస్తే పంది. కొండంత పంది, తీగ పక్కన పడి ఉంది.

మనిషి కాదు. ఎల్లస్వామికి ఏడుపొచ్చినంత పనైంది.

అందరూ అతన్ని చుట్టుముట్టి మిషన్‌ను తెగ మెచ్చుకున్నారు. జంపయ్య భార్య భీమక్క మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. మొదట్లో బెదిరినా, పందులు ఆ చురుకుకు అలవాటుపడి తీగ తోసుకుని వస్తూనే ఉండేవట. మళ్ళీ అతుకు వేసిన నాటి నుంచి ఒక్కటీ చేన్లో దిగలేదట.

"గణేష్ పిల్లలు గూడ మా ఇంట్లనే తింటున్నరు అన్నా. గీ ఏడు గింజ దక్కుతది," అంది.

పగలు కాబట్టి కరెంటు ఆపేసే ఉంది. ఎల్లస్వామి పెట్టె విప్పి చూశాడు. అనుకున్నంతా అయింది.

జంపయ్యను పక్కకు పిలిచి, తప్పంతా తనదేనని చెప్పాడు.

"అంటే, తీగల పారేది ఉత్త మోటారు కరెంటేనా?"

"అవ్ తమ్మీ. గణేష్‌ను చంపిన అసుంటి తీగే నీ చేను చుట్టు ఉన్నది."

జంపయ్య చేను వైపు తిరిగాడు. అందిన కంకి ఒకటి ఒలిచి చూశాడు. కంకులు పాలు పోసుకుంటున్నాయి.

ఎల్లస్వామి గబగబా పాత అతుకు తీసి, సరైన కాలుకు వేశాడు. దాని మీద ఎర్ర రంగు చుక్క పెట్టాడు. ఇక ఎవరు ఎటు నుంచి చూసినా పొరపాటు జరగదని పదే పదే చెప్పాడు. వింటున్నాడో లేదో తెలియలేదు.

జంపయ్య పెట్టెను రెండు చేతులా ఎత్తాడు. తీగ దగ్గరికి పోలేదు. దాన్ని ఎల్లస్వామి బండి వెనక పెట్టి, తాడుతో గట్టిగా కట్టాడు.

"మరి చేనుకు?"

"తీగ ఉన్నది, మోటారు ఉన్నది గద అన్నా."

తలెత్తకుండా అన్నాడు.

గట్టు దిక్కు పోవద్దని భీమక్క అప్పటికే పిల్లల్ని కేకేస్తోంది.