గులాబీ బిల్లు

"నేనూ వస్తున్నా," అంది భార్య, కుట్టుమిషను మీద గుడ్డ కప్పుతూ.

మందుల షాపాయన చేతిలోంచి స్కూటరు తాళం జారి కిందపడింది.

"నువ్వెందుకు? అక్కడంతా నీళ్లూ, గ్రీజూ. బట్టలు పాడవుతాయి."

"నేను కుట్టుకున్నవేగా. పాడైతే మళ్లీ కుట్టుకుంటా. పదండి."

ఆయన గుండె సముద్రం అడుక్కి దిగిపోయింది. అదీ గాలి సిలిండర్ లేకుండా.

సముద్రంలో మునిగి చేపల్ని చూసి రావడం ఆయన సరదా. ఆ సామాన్ల మరమ్మతు ఏడాదికి వెయ్యి దాటితే, కళ్లకు పెట్టుకునే మాస్కు దగ్గర్నుంచి సిలిండర్ దాకా అన్నీ అమ్మేస్తానని భార్య కుట్టుమిషను మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాడు. దాటలేదని ప్రతి ఏడూ బిల్లు తెచ్చి చూపిస్తున్నాడు. ఆ బిల్లు రంగు గులాబీ.

సామాన్లు అమ్మి, బాగుచేసే మేస్త్రీ దగ్గర రెండు బిల్లు పుస్తకాలుంటాయి. తెల్లది అసలుది. గులాబీది ఇంట్లో చూపించడానికి. అందులో ప్రతి అంకెకీ చివర ఒక సున్నా తక్కువ. తన ఖాతాదారుల సంసారాలు మునక్కుండా తేలుతున్నాయంటే ఆ గులాబీ పుస్తకం చలవేనని మేస్త్రీ నమ్మకం.

చెప్పులు వెతుక్కునే వంకతో షాపాయన గుమ్మం పక్కకి తప్పుకుని మెసేజ్ కొట్టాడు. "ఇంటావిడతో వస్తున్నా. గులాబీ."

"సరే" అని జవాబొచ్చింది.

వాళ్లు వెళ్లేసరికి మేస్త్రీ నీళ్లతొట్టి మీదికి వంగి ఉన్నాడు. ఏ వస్తువైనా సరే, తొట్టిలో ముంచి, గాలి ఎక్కడ లీకవుతోందో బుడగల్ని బట్టి పట్టేస్తాడు. అందుకే అందరూ ఆయన్ని బుడగల మేస్త్రీ అంటారు.

"ఈ రెగ్యులేటర్‌కి ఏం చేశారు?" అని అడిగింది భార్య, సిలిండర్‌లోని గాలిని నోటికందించే గొట్టం చేతిలోకి తీసుకుని.

"మొత్తం విప్పి, లోపలి రబ్బరు రింగులన్నీ మార్చానమ్మా. ఏడాదికోసారి మార్చాల్సిందే."

"పోయినేడు ఈయన మూడంటే మూడుసార్లు మునిగారు."

"ఆ సంగతి రబ్బరుకి తెలీదు కదమ్మా. దాని మానాన అది ఎండిపోతూనే ఉంటుంది."

ఆవిడ రబ్బరు సూటు తిరగేసి, మోకాలి దగ్గర అతుకుని గోటితో గీకి చూసింది. "పని బాగుంది. ఏం జిగురు?"

"దీనికి వేరే జిగురుంటుందమ్మా, బాగా ఖరీదు..."

షాపాయన దగ్గాడు.

"...తక్కువ," అని ముగించాడు మేస్త్రీ.

"మరి సిలిండరో?"

"ఏడాదికోసారి లోపల తుప్పు చూడాలి. అయిదేళ్లకోసారి గట్టి పరీక్ష చెయ్యాలి. ఈ ఏడు తుప్పే చూశాను. గాలి కూడా నింపేశాను."

"గాలికీ డబ్బులేనా?"

"మామూలుగా పీల్చుకునేది ఉచితమేనమ్మా. కుక్కించుకునేదానికే."

మేస్త్రీ గులాబీ పుస్తకం తెరిచి రాశాడు. ఎనిమిది వందల యాభై.

"ఏడు వందలు చేసుకోండి," అంది ఆవిడ.

పోయేది షాపాయన జేబులోంచే గనక మేస్త్రీ ఉదారంగా ఒప్పుకున్నాడు. ఆవిడ ఏడు వందలూ లెక్కపెట్టి ఇచ్చి, గులాబీ కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది. షాపాయనకి అప్పుడు ఊపిరాడింది. గండం గడిచింది. ఒట్టు నిలబడింది. వచ్చే ఏడు కూడా చేపల్ని చూడొచ్చు.

"ఇక నాది కూడా ఇచ్చేయండి," అంది ఆవిడ.

మేస్త్రీ లోపల్నుంచి కొత్త బ్యాగు తెచ్చి బల్ల మీద పెట్టాడు. మాస్కు, కాళ్లకి తొడుక్కునే రెక్కలు, సూటు, గాలి జాకెట్టు, రెగ్యులేటర్. అన్నీ తళతళలాడుతున్నాయి. సూటు నడుము దగ్గర సన్నగా, ఆవిడ కొలతే.

"ఇదేంటి?" అన్నాడు షాపాయన.

"మూడు నెలలుగా ఈత కొలనులో నేర్చుకుంటున్నానండీ. మీరు నీళ్లకింద ఏం చూస్తున్నారో నేనూ చూడొద్దూ? మీ బిల్లులు చూశాకే ధైర్యం వచ్చింది. మొత్తం కలిపి తొమ్మిది వేల రెండొందలే." సంచీలోంచి ఇంకో గులాబీ కాగితం తీసి చూపించింది.

షాపాయన మనసులోనే చివర ఒక సున్నా చేర్చాడు. తొంభై రెండు వేలు. నోరు తెరిచాడు. ఇది దొంగ బిల్లే అంటే, మీకెలా తెలుసంటుంది. మూసేశాడు.

"ఏమండీ, ఎక్కువిచ్చానా?"

"లేదు... చవగ్గానే వచ్చింది."

"మీరైతే ఇంకా బేరమాడేవారు," అంటూ ఆవిడ బ్యాగు భుజానేసుకుని స్కూటరు దగ్గరికి నడిచింది.

ఆవిడ వీపు గుమ్మం దాటగానే షాపాయన మేస్త్రీ చెయ్యి పట్టుకున్నాడు. "నా గుట్టు కాపాడ్డానికి ఆవిడకి గులాబీ రాసిచ్చావు, బాగానే ఉంది. పాపం, ఆ పిచ్చిది నిజమే అనుకుంటోంది. మిగతా ఎనభై రెండు వేల ఎనిమిది వందలూ ఎవరిస్తారయ్యా?"

మేస్త్రీ తడిచేతులు తుడుచుకుని, ఎప్పటిలాగే తెల్ల కాగితం మడిచి ఆయన చొక్కా జేబులో పెట్టాడు. దాని వెనకాలే ఇంకొకటి పెట్టాడు.

"రెండు పుస్తకాల సంగతి నేనేం చెప్పలేదు సార్. మొదటిరోజు వచ్చినప్పుడు అమ్మగారే చెప్పారు, 'గులాబీది నాకివ్వండి, తెల్లది ఆయన జేబులో పెట్టండి' అని."