బంపరు మీద గబ్బిలం

"ముందు ఆ స్టిక్కరు గీకెయ్యండి. దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది," అంది నోలా.

ముప్ఫై రెండేళ్ళుగా షెడ్డులో దుమ్ము తింటున్న ప్లిమత్ కారు వెనక డెల్మర్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పాత కార్లు కొని బాగుచేసుకోవడం ఆ ముసలాయనకి సరదా. గుడ్డతో బంపరు తుడిచేసరికి పసుపు రంగు మీద నల్ల గబ్బిలం, దాని కింద 'హాలో బెల్ గుహ చూశాం' అనే అక్షరాలూ బయటపడ్డాయి.

"ఓరి దీని! ఇది మా గబ్బిలమే!" అన్నాడు. చెవుడు మూలాన ఆయన మాటెప్పుడూ కేకే. "ఆ గుహ దగ్గర తొమ్మిదేళ్ళు పనిచేశాను తల్లీ. జనం బళ్ళు నిలిపి లోపలికెళ్ళడం ఆలస్యం, అడక్కుండా చెప్పకుండా ప్రతి బంపరుకీ ఒకటి అంటించేసేవాళ్ళం. ఊరూరా మా గుహ పేరు వాళ్ళే మోసుకెళ్ళేవారు. ఎన్ని తిట్లు తిన్నామో!"

"తిట్టి ఊరుకున్నవాళ్ళు అదృష్టవంతులు. మా కొంపే కూలిపోయింది."

పరాయివాడికి చెప్పకూడదనుకుంటూనే చెప్పింది నోలా. పంతొమ్మిది వందల యాభై ఏడులో, గుహ దగ్గర టిక్కెట్లిచ్చే పిల్లకీ నాన్న క్లైడ్‌కీ ఏదో ఉందని ఊళ్ళో గుసగుసలు. ఆ గుహ మొహమే ఎరగనని ఆయన ఒట్లు వేసేవాడు. ఒకనాడు పొద్దున్నే ఈ గబ్బిలం బంపరు మీద కనబడింది. విడాకుల కేసులో జడ్జికి అంతకు మించిన సాక్ష్యం అక్కర్లేకపోయింది. ఇల్లూ, కారూ, పిల్లా అమ్మకి. ఓ చేతిపెట్టె నాన్నకి. తొమ్మిదేళ్ళ నోలా "అబద్ధాలకోరు!" అంటూ ఆయన మొహం మీదే తలుపు వేసింది. తన ప్రతి పుట్టినరోజుకీ వచ్చే ఆయన ఉత్తరాల్ని పెద్దయ్యాక కూడా విప్పకుండా తిప్పి పంపింది.

"నాన్న నిన్న పోయాడు. రేపు జోప్లిన్‌లో ఖననం. నేను వెళ్ళడం లేదు," అంది.

పక్కనే వరండాలో బఠాణీలు ఒలుస్తున్న తల్లి ఓపల్ విసుక్కుంది. "కబుర్లెందుకే? బండి లాక్కెళ్ళమను!"

డెల్మర్ కదల్లేదు. స్టిక్కరు అంచులు వేలితో తడుముతున్నాడు.

"ఇది మేం అంటించింది కాదే!"

"మీ గబ్బిలమేనన్నారుగా?"

"గబ్బిలం మాదే, చెయ్యి మాది కాదు. మేం వరసనే పరిగెడుతూ ఎడమవైపు వంకర టింకరగా చరిచేసి పోయేవాళ్ళం. ఇదేమో కుడివైపు, గీత గీసినట్టుంది. ఎవరో తీరిగ్గా అంటించారు."

"కొనుక్కునా?"

"అమ్మితేగా! నా చేతినుంచి అడిగి పుచ్చుకున్నది తొమ్మిదేళ్ళలో ఒక్కతే. జోరువానలో బస్సు దిగొచ్చింది. ఎవరి బండికమ్మా అంటే చెప్పలేదు. ఇంత దూరం వచ్చావు, గుహ చూసి పో అన్నా వినలేదు. కోటు కింద దాచుకుని వెనక్కి పరిగెత్తింది. పిచ్చిదనుకుని నవ్వుకున్నాం."

నోలాకి నాన్న ఒట్లన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. తలుపు వేసే ముందు ఆయన చూసిన చూపూ గుర్తొచ్చింది. వరండాలోకి పరుగెత్తింది.

"అమ్మా, విన్నావా? నాన్న నిజమే చెప్పాడేమో! ఎవతో కిట్టనిది చేసిన పనట! పాపం, మనిద్దరం ఎంత మాటన్నాం ఆయన్ని! రేపు పొద్దున్నే జోప్లిన్ వెళ్దాం. నువ్వూ రా."

ఓపల్ ఒళ్ళోంచి గిన్నె జారింది. బఠాణీలు మెట్ల మీదుగా దొర్లిపోయాయి. ఆమె వాటిని ఏరుకోలేదు. కారు వైపే చూస్తూ కూర్చుంది.

"ఆగి గుహ చూద్దామంటే, బస్సు వెళ్ళిపోతుందేమోనని భయమేసిందే," అంది.