నీలం దారం

ఓడ ట్యునీషియాలోని బిజెర్త్ రేవులో ఆగేది ఒక్కరోజే. సాయంత్రం ఐదింటికల్లా మళ్ళీ బయలుదేరుతుంది. దిగినవాళ్ళంతా కోట చూడటానికి, బజారులో బేరాలాడటానికి పోయారు. డబ్బిచ్చి ఎండలో తిరగడం వాళ్ళ సరదా. గాస్పరే మాత్రం గైడు సాల్హా ముందు నిలబడి జేబులోంచి ఒక తాళంచెవి తీశాడు.

పాత ఇనప తాళంచెవి. దానికి మూడు ముడులు వేసిన నీలం ఉన్నిదారం.

గాస్పరే సిసిలీ జాలరి. నలభై ఏళ్ళు ట్యునీషియా వాళ్ళతో కలిసి వల లాగినవాడు కాబట్టి వాళ్ళ భాష బాగానే వచ్చు. పదకొండేళ్ళ కిందట ఇది తన వలలో పడిందని, అదే వారం ఈ ఊరినుంచి బయలుదేరిన పడవ మునిగిందని పేపర్లో చదివానని చెప్పాడు. ఇది ఏ తలుపుదో కనుక్కుని ఇచ్చేస్తే తప్ప తనకు కంటిమీద కునుకు రాదన్నాడు.

"తాళంచెవి ఒక్కటే పడిందా?" అంది సాల్హా.

"ఒక్కటే" అన్నాడు గాస్పరే, నీళ్ళవైపు చూస్తూ.

ఆమె వెళ్ళి కారు తలుపు తీసింది.

ఆ పడవలో ఇటలీకని వెళ్ళింది తొమ్మిదిమంది కుర్రాళ్ళు. ఆ తొమ్మిది ఇళ్ళలోనూ ఇంతవరకూ ఎవరూ తాళం మార్చలేదు. కొడుకు తిరిగొస్తే వీధిలో నిలబడిపోకూడదు కదా.

మొదటి ఇంటి తల్లి తాళంచెవి చూసి గడపమీదే కూలబడింది. గాస్పరే దాన్ని తాళంలో దూర్చి తిప్పాడు. తిరగలేదు. ఆవిడ లేచి ఆయన రెండు చేతులూ ముద్దుపెట్టుకుంది. రెండో ఇంట్లోనూ, మూడో ఇంట్లోనూ ఇదే వరస. తలుపు తీయలేకపోయినందుకు దీవెనలు అందుకోవడం ఆయనకు భయంగా ఉంది.

ఐదో ఇంటి దలెందా నోరున్న మనిషి.

"మావాడిది కాదులే పెద్దాయనా. వాడు ఏనాడు తాళంచెవి పట్టుకెళ్ళాడు గనక? గోడ దూకి దొంగపిల్లిలా వచ్చేవాడు" అని నవ్వింది.

అయినా ఒకసారి తిప్పి చూడమంది. తిరగకపోయేసరికి కళ్ళు తుడుచుకుని, సాల్హావైపు చూసి ఏదో అడగబోయింది. ఓడకు వేళవుతోందంటూ సాల్హా అప్పటికే మెట్లు దిగుతోంది. పొద్దున్నుంచీ ఆమె ఏ ఇంటి దగ్గరా తాళంచెవిని ముట్టుకోలేదు.

ఎనిమిదో తలుపూ తెరుచుకోలేదు. ఇంకొకటి మిగిలింది కదా అన్నాడు గాస్పరే. ఆ ఇంటావిడ ఇవాళ ఇంట్లో లేదని, పనిమీద వెళ్ళిందని సాల్హా చెప్పింది.

రేవులో ఓడ కూత పెట్టింది. కారు దిగాక గాస్పరే ఇక ఉండబట్టలేకపోయాడు.

"అబద్ధం చెప్పానమ్మా. వలలో పిల్లాడి శవం కూడా పడింది. పోలీసులొస్తే పడవ కట్టేస్తారు, పదిరోజులు పని పోతుందన్నాడు మా యజమాని. మళ్ళీ నీళ్ళలోకే వదిలేశాం. ఇది వాడి మెడలోది."

ఆ తొమ్మిదో ఇంటావిడకు ఇమ్మని తాళంచెవి ఆమె చేతిలో పెట్టబోయాడు. సాల్హా చేతులు వెనక్కి తీసుకుంది.

"వలలో తాళంచెవి ఒక్కటే పడిందన్నారు పెద్దాయనా. ఆ మాటమీదే ఉండండి. ఇది మా ఊరిది కాదు."

ఆయన తలవంచుకుని ఓడ ఎక్కాడు. అది కనుమరుగయ్యేదాకా సాల్హా గట్టుమీదే నిలబడింది. తర్వాత కారు అక్కడే వదిలేసి, నడిచి ఇల్లు చేరింది.

పదకొండేళ్ళుగా తాళం పడని తన తలుపును తోసుకుని లోపలికి వెళ్ళింది. దానికున్న ఒకే ఒక్క తాళంచెవిని, నీలం దారానికి మూడు ముడులు వేసి, కొడుకు మెడలో కట్టింది తనే.