నాలుగు గంటల కవరు

“ఈ వార్త తప్పు సార్,” అంది సింధూజ.

బోర్డు తుడుస్తున్న మునికృష్ణ సార్ చెయ్యి ఆగింది. మిగతా పిల్లలంతా అప్పటికే మెట్లు దిగిపోయారు. బోర్డు మీద ఆరు మాటలు ఇంకా చెరగలేదు. ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు, ఎలా. మదనపల్లెలో విలేకరి కావాలనుకున్న ప్రతి పిల్లా పిల్లోడూ ఆదివారం సాయంత్రం ఈ ప్రెస్సు మేడ మీదికొచ్చి, ఈయన దగ్గర ఆ ఆరు మాటలూ దిద్దాల్సిందే. సింధూజ ఆ రోజు పావుగంట ఆలస్యంగా వచ్చి నలుగురిలో చీవాట్లు తింది కూడా.

“ఏ వార్తమ్మా?”

“మీరు పరిశోధించమని ఇచ్చిందే సార్. తొంభై రెండులో మీరు రాసింది.”

పేపరు కటింగు బల్ల మీద పెట్టింది. ఏడేళ్లకు రంగు మారిన ముక్క. ‘పుంగనూరు సమీపంలో బావిలో గుర్తు తెలియని శవం. సాయంత్రం గొర్రెలకు నీళ్లు చేదడానికి వెళ్లిన మునెయ్య చూసి కేకలు వేశాడు.’ నాలుగంటే నాలుగు వాక్యాలు. సార్ ప్రతి బ్యాచ్‌కూ ఇదే ఇచ్చి, “దీంట్లో లోపమేందో కనుక్కోండి” అనేవాడు. చచ్చినవాడి పేరు లేదని అందరూ చెప్పేవారు. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ఇప్పుడూ నవ్వాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం కాదాయన. “ఏం తప్పుండాది?”

“‘ఎప్పుడు’ అనేది సార్. పుంగనూరు పోయి మునెయ్య తాతను కలిసినా. శవాన్ని పొద్దు గుంకినాక చూసినాడంట. పోలీసు రికార్డులో గూడా ఏడు గంటలనే ఉండాది. వార్త మాత్రం తెల్లారే పేపర్లో వచ్చేసింది.”

“వార్తంటే అట్లే ఉరకాల.”

“ఎట్ల ఉరుకుతాది సార్? ఆ పొద్దు గాలివానకు ఊర్లో ఫోన్లన్నీ పడిపోయినాయని మొదటి క్లాసులో మీరే చెప్తిరి. ‘నాలుగు గంటల తిరుపతి బస్సులో కవరు ఏసేసినా, దాని తర్వాత ఇంకో బస్సు లేదు’ అని గూడా అంటిరి.”

ఆ రోజుల్లో వార్తలు బస్సెక్కి పోయేవి. రాసింది కవర్లో పెట్టి డ్రైవరు చేతికిస్తే, రాత్రికి తిరుపతి ఆఫీసు చేరి తెల్లారేసరికి అచ్చయ్యేది. సార్ బల్ల మీద అలాంటి పసుపు కవర్లు ఎప్పుడూ ఒక కట్ట ఉండేవి. అన్నిటి మీదా ఆయన పేరే. నేర్చుకోమని పిల్లలకు తలా ఒకటి ఇచ్చాడు.

కింద ప్రెస్సుకు సెలవు. పిలిస్తే పలికేవాళ్లు లేరు. సింధూజకు భయం వేసింది. అయినా ఆపలేదు.

“మునెయ్య తాత ఏడింటికి చూసినాడు. చూసినాడని మీరు నాలుగింటికే రాసి పంపేసినారు.”

సార్ డస్టరు కింద పెట్టాడు. నెమ్మదిగా వెళ్లి తలుపు గడియ పెట్టి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ముఖంలో కోపం లేదు. క్లాసులో ఫస్టు వచ్చిన పిల్లను చూసినట్టు ముద్దుగా చూస్తున్నాడు. కోప్పడి ఉంటే ఆమెకు ఇంత వణుకు పుట్టేది కాదు.

“నాలుగు బ్యాచ్‌లకు ఇచ్చినా తల్లీ. ఒకరన్నా పట్టుకుంటారేమోనని సూస్తానే ఉండా. పట్టుకోలేదంటే ఆ రాత్రి నాకు బాగా నిద్రపడతాది.”

“మునెయ్య పేరు ఏల రాసినారు సార్?”

“ఆ పొద్దుకు ఆ బావి కాడికి పోయేది వాడొక్కడే. వాన రానీ, వరద రానీ, పోతాడు. వాడే సూస్తాడని తెలుసు, రాసేసినా.”

గోడ గడియారం ఐదుంపావు చూపిస్తోంది. సింధూజ దానివైపు ఒకసారి చూసింది.

“ఇంగా మూడుండాయి సార్. ఎవరు? ఎందుకు? ఎలా?”

“కుప్పం పక్క క్వారీలో రాళ్లు పడి ముగ్గురు కూలోళ్లు పోయినారు. ఆ వార్త బయటికి రాకుండా ఆపింది నేనే. ఈ బావిలోనోడు ఆడ బతికి బయటపడినోడు. అంజినప్ప. ఏల రాయలేదప్పా అని అడగను పుంగనూరు దాకా వచ్చినాడు. మాట్లాడదామని బావి కాడికి తీసుకపోయి తోసేసినా.” చేతులకంటిన సుద్దపొడి దులుపుకున్నాడు. “ఇంగ ఆరూ వచ్చేసినాయి గదా. నేను చెప్పిన ఇంకో పాఠం గుర్తుండాదా? వార్త అచ్చయ్యేదాకా...”

“ఎవరికీ చెప్పకూడదు. ఇంట్లో అమ్మకు గూడా.”

“చెప్పినావా?”

“లేదు సార్.”

“బంగారు తల్లివి,” అంటూ లేచాడు. బజారు వైపు కిటికీ రెక్కలు ఒక్కొక్కటే మూశాడు. గది మసకబారింది. ఆయన ఆమె వైపు తిరిగాడు.

“క్లాసుకు ఎందుకు ఆలస్యమైందని తిట్టినారు గదా సార్,” అంది సింధూజ. “బస్టాండుకు పొయ్యొచ్చినా. మీరిచ్చిన కవరు నాలుగు గంటల తిరుపతి బస్సులో ఏసేసినా. ఈపాటికి వాయల్పాడు దాటింటాది.”

సార్ అడుగు అక్కడే నిలిచిపోయింది.

“ఏం రాసినావు దాంట్లో?”

“మీ మాదిరే సార్, జరగకముందే రాసి పంపించినా. ‘విలేకరి మునికృష్ణ గదికి వెళ్లిన విద్యార్థిని సింధూజ తిరిగి ఇంటికి రాలేదు.’”